కడుపులో బిడ్డ, ముఖద్వారంలో కణితి: ఒక వైద్య చరిత్ర

కొద్దికాలం క్రితం ఒక పాఠకురాలు నన్నొక ప్రశ్న అడిగారు. ఆమెకు ఐదవ నెల. రెండు పర్యాయాలు బట్టకు ఎర్రమరక కనిపించింది. స్కానింగులో బిడ్డ బాగున్నదని, మాయ పైననే ఉన్నదని చెప్పారు. వారి డాక్టరమ్మ స్పెక్యులం వేసి గర్భాశయ ముఖద్వారాన్ని ఒకసారి చూస్తానంటే అత్తగారు ఒప్పుకోలేదట. కడుపుతో ఉన్న పిల్లకు లోపల పరికరం పెడితే గర్భం నిలుస్తుందా అని ఆవిడ భయం.

ఆ భయాన్ని నేను చులకన చేయను. ఒకప్పుడు వైద్యులకే ఆ భయం ఉండేది. నాకూ ఉండేది. దానివల్ల ఏమి జరిగిందో ముందుగా చెప్పి, ఆ తరువాత చరిత్రలోకి వెళతాను.

1980ల తొలినాళ్లలో నేనొక చిన్న పట్టణపు ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. ఏడవ నెల గర్భిణిని ఒకామెను ఎడ్లబండిలో తీసుకువచ్చారు. నాలుగవ కానుపు. నొప్పి లేకుండా రక్తస్రావం. నెలలు పైబడిన గర్భిణికి నొప్పి లేని రక్తస్రావం కనిపిస్తే మాయ కిందికి దిగి ముఖద్వారానికి అడ్డుపడి ఉండవచ్చునని, అప్పుడు వేలు పెట్టి పరీక్షిస్తే ప్రాణాంతకమైన రక్తస్రావం కలుగుతుందని మాకు నూరిపోశారు. అది సత్యమే. మా ఆసుపత్రిలో అల్ట్రాసౌండు లేదు. ఆమెను మంచం దిగవద్దన్నాము, రక్తం ఎక్కించాము, ఐరన్ మాత్రలు ఇచ్చాము. రక్తం ఆగేది, నాలుగు రోజులకు మళ్లీ కనిపించేది. వార్డు ఆయా ఒకనాడు నాతో, "డాక్టరుగారూ, ఆ గుడ్డల వాసన వేరేగా ఉందండీ" అన్నది. నేను పట్టించుకోలేదు.

మూడు వారాలు గడిచాక, సిజేరియన్‌కు సర్వం సిద్ధం చేసుకుని థియేటరులో పరీక్షించాము. మాయ అడ్డుగా లేదు. ముఖద్వారం పై పెదవి మీద కోడిగుడ్డంత కణితి. ముట్టుకుంటే పొడిపొడిగా రాలి రక్తం కారుతున్నది. నగరంలోని పెద్దాసుపత్రికి పంపాము. అక్కడ సిజేరియన్ చేసి బిడ్డను బతికించారు. ఆ బిడ్డకు ఏడాది నిండేలోగానే తల్లి కన్నుమూసింది. మూడు వారాల ఆలస్యమే ఆమె ప్రాణం తీసిందని నేను అనలేను, కణితి అప్పటికే ముదిరి ఉన్నది. కాని ఆ మూడు వారాలు నా చేతిలో పోయినవే.

మాకు నూరిపోసిన ఆ నియమం ఎక్కడిదో చూడండి. 1945లో ఐర్లాండు ద్వీపంలోని బెల్‌ఫాస్ట్ నగరపు ప్రసూతి వైద్యుడు చార్లెస్ మెకాఫీ ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు మాయ అడ్డుపడినదని తెలియగానే వెంటనే కానుపు చేసేవారు. నెలలు నిండని శిశువులు ఎందరో పోయేవారు. మెకాఫీ తొందర వద్దన్నాడు. ఆసుపత్రిలోనే ఉంచండి, రక్తం సిద్ధంగా పెట్టుకోండి, థియేటరులో తప్ప లోపలి పరీక్ష చేయకండి, బిడ్డ ఎదిగేదాకా వేచి ఉండండి అన్నాడు. ప్రపంచమంతటా వేలాది తల్లులను, బిడ్డలను ఈ పద్ధతి కాపాడింది. కాని పాఠ్యగ్రంథాలలో ఆ నియమం పక్కనే మరొక వాక్యం ఉండేది. రక్తం ఆగిన తరువాత సున్నితంగా స్పెక్యులం వేసి, రక్తం ముఖద్వారం నుండే వస్తున్నదేమో చూడాలి. వేలు ముఖద్వారం గుండా పోయి మాయను తాకవచ్చు. స్పెక్యులం యోని గోడలను మాత్రమే విప్పి చూపుతుంది, లోనికి పోదు. ఈ రెంటికీ ఉన్న భేదం చిన్నది కాదు. మొదటి వాక్యం మాకు కంఠస్థం. రెండవ వాక్యం చాలామందికి పరీక్షలతోపాటే మరుగున పడిపోయింది.

గర్భిణిలో ముఖద్వార క్యాన్సర్ అరుదు. సుమారుగా పదివేల గర్భాలలో ఒకటి రెండు చోట్ల కనిపిస్తుంది. అరుదు గనుకనే వైద్యుని మనస్సు దాని వైపు పోదు. పైగా గర్భధారణ ఆ అవయవం రూపాన్నే మార్చివేస్తుంది. ముఖద్వారం మెత్తబడి నీలివర్ణం దాలుస్తుంది. లోపలి ఎర్రని పొర బయటికి తిరుగుతుంది, తాకితే రక్తం చిందుతుంది. గర్భాశయంలో ఏర్పడవలసిన డెసిడ్యువా అనే పొర ఒక్కొక్కసారి ముఖద్వారం మీద మొలిచి, చూడటానికి కణితిలాగానే ఉంటుంది. తెల్లబట్ట ఎలాగూ ఎక్కువవుతుంది. కనుక రోగి చెప్పే ప్రతి లక్షణానికీ ఒక నిరపాయమైన వివరణ సిద్ధంగా ఉంటుంది.

సూక్ష్మదర్శిని కింద కూడా ఇదే చిక్కు. 1954లో పెరూ దేశపు పాథాలజిస్టు హవియేర్ అరియాస్-స్తెల్యా, గర్భధారణ వల్ల గర్భాశయపు గ్రంథులలోని కణాలు ఉబ్బి, వాటి కేంద్రకాలు పెద్దవై, అచ్చం క్యాన్సర్ కణాల్లా కనిపిస్తాయని వివరించాడు. అదే మార్పు ముఖద్వారపు గ్రంథులలోనూ వస్తుంది. కాబట్టి ముక్కను పరీక్షకు పంపేటప్పుడు "గర్భిణి" అన్న ఒక్క మాట కాగితం మీద రాయకపోతే, లేని క్యాన్సర్ ఉన్నట్లు నివేదిక రావచ్చు. మీరు ఎప్పుడైనా అటువంటి కాగితం పట్టుకుని ల్యాబుకు వెళ్లవలసివస్తే ఆ మాట ఉన్నదో లేదో చూసుకోండి.

19వ శతాబ్దంలో ఈ వ్యాధి వైద్యులకు ముందుగా కానుపు కష్టంగా ఎదురయ్యేది. గట్టిపడిన ముఖద్వారం తెరుచుకోదు. బిడ్డ బయటికి రాదు. కడుపు కోసి తీస్తే తల్లి బతకడం అరుదు, ఎందుకంటే గర్భాశయాన్ని కుట్టే ఆచారమే సరిగా లేదు. 1876లో ఇటలీలోని పావియాలో ఎదువార్దో పొర్రో బిడ్డను తీసిన వెంటనే గర్భాశయాన్నే తొలగించి తల్లిని బతికించాడు. 1882లో లైప్‌జిగ్‌లో మాక్స్ జెంగర్ గర్భాశయాన్ని పొరలుగా కుట్టే పద్ధతిని చెప్పాడు. ఈ రెంటి మధ్య, 1878లో బ్రెస్లావు నగరంలో విల్‌హెల్మ్ ఫ్రాయిండ్ ముఖద్వార క్యాన్సర్ కోసం ఉదరం కోసి గర్భాశయాన్ని తీశాడు. ఆ ఆపరేషన్ చేయించుకున్నవారిలో చనిపోయినవారే ఎక్కువ. 1898లో వియన్నాలో ఎర్న్‌స్ట్ వెర్ట్‌హైమ్ గర్భాశయంతోపాటు చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా తీసే విస్తృత శస్త్రచికిత్సను ఆరంభించాడు. 1911 నాటికి 500 ఆపరేషన్ల అనుభవాన్ని గ్రంథంగా వెలువరించాడు. నేటికీ ఆ శస్త్రచికిత్సకు ఆయన పేరే నిలిచి ఉన్నది. మన దేశంలో కలకత్తాకు చెందిన సుబోధ్ మిత్ర, యోని మార్గం ద్వారా ఇటువంటి విస్తృత శస్త్రచికిత్సకు తనదైన పద్ధతిని రూపొందించాడు. దానికి మిత్ర ఆపరేషన్ అని పేరు.

అదే 1898లో క్యూరీ దంపతులు రేడియం కనుగొన్నారు. కొద్ది సంవత్సరాలలోనే అది ముఖద్వార క్యాన్సర్ చికిత్సలోకి వచ్చింది. స్టాక్‌హోమ్, పారిస్, మాంచెస్టర్ పద్ధతులని మేము చదువుకున్నవన్నీ రేడియం గొట్టాలను ఎక్కడ, ఎంతసేపు ఉంచాలన్న లెక్కలే. మన హైదరాబాదులో 1955లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి పేరులోనే మొదట రేడియం ఉండేది. కాని గర్భిణి విషయంలో రేడియం రెండంచుల కత్తి. తల్లి కణితికి ఇచ్చిన కిరణం పక్కనే ఉన్న శిశువుకూ తగులుతుంది. 1929లో ఫిలడెల్ఫియాకు చెందిన డగ్లస్ మర్ఫీ, లియోపోల్డ్ గోల్డ్‌స్టీన్ అనే వైద్యులు, గర్భంతో ఉండగా కటి ప్రాంతానికి కిరణ చికిత్స పొందిన తల్లుల బిడ్డల వివరాలను సేకరించారు. వారిలో తల చిన్నదిగా, బుద్ధి ఎదగకుండా పుట్టినవారు ఎక్కువగా ఉన్నారని తేల్చారు. గర్భిణికి ఎక్స్‌రే అనగానే నేడు ప్రతి ఆసుపత్రిలోనూ కనిపించే జాగ్రత్తకు మూలాలలో అదొకటి. అప్పటినుండి వైద్యుని ముందు ప్రశ్న సూటిగా నిలిచింది: చికిత్స చేస్తే బిడ్డ దక్కదు, చేయకపోతే తల్లి దక్కకపోవచ్చు.

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మీలో చాలామంది హెన్రియెట్టా లాక్స్ పేరు విని ఉంటారు. ప్రయోగశాలలలో నేటికీ పెరుగుతున్న హీలా కణాలు ఆమెవి. ఆమె కథను కణాల కథగానే చెబుతారు. నాకు మాత్రం అది ప్రసూతి వార్డు కథ కూడా. ఆమె అమెరికాలో బాల్టిమోర్ సమీపంలో నివసించిన నల్లజాతి స్త్రీ. లోపల ఏదో ముడిలా ఉన్నదని బంధువులైన ఆడవారితో చెప్పుకున్నది. ఇంతలో గర్భం నిలిచింది. ముడి సంగతి గర్భంలో కలిసిపోయింది. 1950 సెప్టెంబరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఐదవ బిడ్డను కన్నది. కానుపునాటి రికార్డులో గాని, ఆరు వారాల తరువాత చూసిననాటి రికార్డులో గాని ముఖద్వారం గురించి ఏ తేడా రాయలేదు. 1951 జనవరి చివరిలో రక్తస్రావంతో అదే ఆసుపత్రికి వెళ్లింది. హోవార్డ్ జోన్స్ అనే వైద్యుడు చూసేసరికి స్పష్టమైన కణితి కనిపించింది. రేడియం గొట్టాలు అమర్చారు. ఆ సందర్భంలోనే ఆమెను అడగకుండా కణితి ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. 1951 అక్టోబరు 4న, 31 ఏళ్ల వయస్సులో ఆమె మరణించింది.

కానుపునాడు కణితి లేదా, ఉన్నా చూడలేదా? జోన్స్ కూడా ఈ ప్రశ్న వేసుకున్నాడు. రెండే అవకాశాలు. ఒకటి, చూడవలసినవారు చూడలేదు. రెండు, అది భయంకరమైన వేగంతో పెరిగింది. రెండవ అవకాశానికి ఒక ఆధారం ఇరవై ఏళ్ల తరువాత దొరికింది. 1971లో జోన్స్, ఆయన సహచరులు పాత స్లైడులను మళ్లీ చూసి, మొదట సాధారణమైన పొలుసుకణ క్యాన్సర్‌గా భావించినది నిజానికి గ్రంథికణాల నుండి పుట్టిన ఎడినోకార్సినోమా అని, అదీ ఉగ్రమైనదని ప్రకటించారు. ఆ రోజులలో ముఖద్వారంలో అది అరుదైన రకం. ఇది ముఖద్వారపు కాలువ లోపలి భాగంలో పుడుతుంది గనుక పైపైన చూస్తే దొరకదు. చికిత్స ఏ రకానికైనా ఆనాడు రేడియమే, కాబట్టి రోగనిర్ధారణ సరిగా జరిగినా ఫలితం మారేది కాదేమో. ఒక చిన్న ముచ్చట: ఈ హోవార్డ్ జోన్సే తరువాత భార్య జార్జియానాతో కలిసి, 1981 చివరలో అమెరికాలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ జననానికి కారకుడయ్యాడు.

ఇక చూసే సాధనాల సంగతి. వాటి చరిత్ర అంత శుభ్రమైనది కాదు. నేటికీ మేము వాడే ఒక రకం స్పెక్యులం పేరు సిమ్స్ స్పెక్యులం. 1840లలో అమెరికాలోని అలబామాలో మారియన్ సిమ్స్ దానిని రూపొందించినది, మత్తు ఇవ్వకుండా పదేపదే ఆపరేషన్లు చేసిన బానిస స్త్రీల మీద. వారిలో మువ్వురి పేర్లు మనకు తెలుసు: అనార్కా, బెట్సీ, లూసీ. ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూపే కాల్పోస్కోపును 1925లో జర్మనీలో హాన్స్ హిన్‌సెల్‌మాన్ రూపొందించాడు. నాజీల కాలంలో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలోని యూదు స్త్రీలపై ఆ పరికరంతో ప్రయోగాలు జరిగాయి, వారి ముఖద్వారపు ముక్కలు ఆయన ప్రయోగశాలకే చేరాయి. యుద్ధానంతరం, రోమా స్త్రీలకు బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిపించిన నేరానికి ఆయనకు జైలుశిక్ష పడింది. ఈ విషయాలు మాకు కళాశాలలో ఎవరూ చెప్పలేదు. పరికరం మంచిదే. గర్భిణిలో లోపలి పొర బయటికి తిరిగి ఉంటుంది కాబట్టి, క్యాన్సర్ పుట్టే సరిహద్దు రేఖ కాల్పోస్కోపులో ఇంకా తేలికగా కనిపిస్తుంది కూడా.

మరొక వైపు, వియన్నాలో వాల్టర్ షిల్లర్ ముఖద్వారానికి అయోడిన్ పూసి చూశాడు. ఆరోగ్యకరమైన కణాలు ముదురు గోధుమరంగు పట్టాయి, జబ్బు కణాలు పట్టలేదు. ఇదే తర్కం చాలా ఏళ్ల తరువాత వెనిగర్ పరీక్షగా మారి, ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యుల అధ్యయనంలో ముఖద్వార క్యాన్సర్ మరణాలను 31 శాతం తగ్గించింది. గ్రీసులో పుట్టి 1913లో అమెరికా చేరిన జార్జ్ పాపనికొలావ్, బతుకుతెరువు కోసం కొంతకాలం తివాచీల దుకాణంలో పనిచేసి, తరువాత గినీపందుల యోని ద్రవాన్ని గాజుపలక మీద పూసి చూడటం మొదలుపెట్టాడు. స్త్రీలపై పరిశీలనకు ఆయన భార్య ఆండ్రొమాకి ఏళ్ల తరబడి తన నమూనాలనే ఇచ్చింది. 1928లో ఆయన క్యాన్సర్ కణాలను ఇలా గుర్తించవచ్చునన్నప్పుడు ఎవరూ వినలేదు. అదే ఏడాది రొమేనియాకు చెందిన ఆరెల్ బాబెష్ కూడా ఇటువంటి పద్ధతినే ప్రచురించాడు. 1940లలో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి పాపనికొలావ్ వెలువరించిన ప్రచురణలతో గాని వైద్యలోకం కదలలేదు. అప్పటినుండి అనేక దేశాలలో గర్భిణి తొలి పరీక్షలోనే పాప్ స్మియర్ చేర్చారు. స్త్రీ ఆసుపత్రికి తప్పక వచ్చే సమయం అదే కదా.

పాప్ పరీక్ష మీద గుడ్డి నమ్మకం మాత్రం వద్దు. 2021 జనవరిలో జపాను వైద్యులు రెండు విచిత్రమైన సంఘటనలను ప్రకటించారు. ఇద్దరు బాలురకు, ఒకరికి 23 నెలలు, మరొకరికి 6 ఏళ్లు, ఊపిరితిత్తులలో క్యాన్సర్ కనిపించింది. జన్యు పరీక్షలు చేస్తే అది వారి తల్లుల ముఖద్వార క్యాన్సర్. సహజ కానుపులో ఆ కణాలు కలిసిన ద్రవాన్ని శిశువులు పీల్చుకున్నారన్నమాట. రెండవ బాలుని తల్లికి గర్భంలోనే ముఖద్వారం మీద పాలిప్ వంటి కణితి కనిపించింది. పాప్ పరీక్షలో ఏమీ తేలలేదు, కణితి పెరగనూ లేదు. అందువల్ల ముక్క తీయలేదు. కానుపు తరువాత తీస్తే ఎడినోకార్సినోమా. ఇటువంటివి ప్రపంచంలోనే అత్యంత అరుదు, దీనిని చదివి ఎవరూ నిద్ర పాడుచేసుకోవద్దు. కాని కంటికి కనిపించే కణితి ఉన్నప్పుడు పాప్ పరీక్ష చాలదు, ముక్క తీయాలి అన్న పాత పాఠానికి ఇంతకంటె బలమైన ఉదాహరణ నేను చూడలేదు. గర్భిణికి చిన్న ముక్క తీయడం సురక్షితమే. కొంత రక్తం ఎక్కువగా వస్తుంది, అదిమిపెడితే ఆగుతుంది. కాలువ లోపల గీకడం మాత్రం చేయకూడదు. కోన్ ఆకారంలో లోతుగా కోయడం వల్ల రక్తస్రావం, గర్భస్రావం కలిగే ప్రమాదం ఉన్నందున, తప్పనిసరి అయితేనే చేస్తారు.

చికిత్స సంగతికి వస్తే, నేను చదువుకున్ననాటి గ్రంథాలలో ఉన్నది దాదాపు ఒక్కటే దారి: నెలలు తక్కువైతే గర్భాన్ని వదులుకుని చికిత్స, నెలలు నిండవస్తే సిజేరియన్ చేసి చికిత్స. మధ్యలో ఉన్న నాలుగైదు నెలల గర్భిణికి చెప్పే మాట మా దగ్గర ఉండేది కాదు. ఆ మధ్య దారిని తెరిచినవాటిలో మొదటిది ప్లాటినం. 1965లో అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్ విద్యుత్ ప్రవాహం బ్యాక్టీరియాను ఏమి చేస్తుందో చూడబోయి, ప్లాటినం కడ్డీల నుండి కరిగిన పదార్థం కణ విభజనను ఆపుతున్నదని గమనించాడు. దాని నుండి వచ్చిన సిస్‌ప్లాటిన్ 1978లో మందుగా ఆమోదం పొందింది. మూడు నెలలు దాటి, శిశువు అవయవాలు ఏర్పడిన తరువాత ఈ తరగతి మందులు ఇస్తూ కణితిని అదుపులో ఉంచి, బిడ్డ ఎదిగేదాకా ఆగవచ్చునని క్రమంగా తెలిసింది. మరి ఆ బిడ్డల గతి? 2015లో బెల్జియం వైద్యుడు ఫ్రెడెరిక్ అమాంట్ బృందం, గర్భంలో ఉండగా తల్లికి క్యాన్సర్ బయటపడిన 129 మంది పిల్లలను మరో 129 మంది పిల్లలతో పోల్చి చూసింది. తెలివితేటలలో, గుండె పనితీరులో చెప్పుకోదగిన తేడా లేదు. తేడా ఉన్నచోట దానికి కారణం మందు కాదు, నెలలు నిండకముందే పుట్టడం. ఈ ఫలితం చదివిననాడు, తొందరపడి ముందే కానుపు చేయించిన కొందరు నాకు గుర్తుకు వచ్చారు.

నేడు నిర్ణయం దేని మీద ఆధారపడుతుందంటే, కణితి ఎంత, ఎన్ని వారాల గర్భం, లింఫు గ్రంథులకు పాకినదా, అన్నింటికీ మించి ఆ దంపతుల కోరిక ఏమిటి. విస్తృతి తెలుసుకోవడానికి కిరణాలు లేని ఎంఆర్ఐ వాడతారు, గాడోలినియం రంగు మందు లేకుండా. అతి సూక్ష్మమైన దశలో ఉన్నదైతే గమనిస్తూ కానుపు దాకా ఆగుతారు. క్యాన్సర్ కాని, ముందస్తు మార్పులు మాత్రమే ఉంటే గర్భంలో చికిత్స అక్కరలేదు, కానుపు తరువాత మళ్లీ చూస్తారు. చాలావాటికి అప్పటికి ముదరడం ఉండదు. కణితి స్పష్టంగా ఉంటే సిజేరియనే. బిడ్డను తీసేందుకు కోత కణితికి దూరంగా, గర్భాశయం పైభాగంలో పెడతారు. వ్యాధి ముదిరి తల్లి ప్రాణానికే ముప్పు ఉన్నప్పుడు గర్భాన్ని తొలగించడానికి మన చట్టం వారాల పరిమితి పెట్టలేదు. పిల్లలు కావలసిన స్త్రీకి ముఖద్వారం మాత్రమే తీసి గర్భాశయాన్ని నిలిపే ట్రాకెలెక్టమీని 1987లో ఫ్రాన్సులోని లియోన్‌లో డానియెల్ దర్జాన్ మొదలుపెట్టాడు. అది గర్భానికి ముందు చేయించుకునేవారికి మేలైనది. గర్భంతో ఉండగా చేస్తే రక్తస్రావం, గర్భనష్టం ఎక్కువ.

కారణం కూడా తెలిసింది. 1983లో జర్మనీలో హారాల్డ్ జూర్ హౌజెన్ బృందం ఈ కణితులలో హెచ్‌పీవీ-16 వైరస్‌ను, మరుసటి ఏడు 18ని గుర్తించింది. హెన్రియెట్టా కణాలలో ఉన్నది ఆ 18వ రకమే. జూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. టీకా వచ్చింది. మన ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు ఆ టీకా వేసిన కార్యక్రమం 2010లో ఆగిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టిన అనుమతి పత్రాలు మాత్రం బయటపడ్డాయి. 1951లో బాల్టిమోర్‌లో అడగని ప్రశ్నను 2009లో భద్రాచలం ప్రాంతంలో కూడా సరిగా అడగలేదు. టీకా మీద అపనమ్మకం తెలుగునాట ఇంకా పోలేదంటే అందులో ప్రజల తప్పు ఎంతో నేను చెప్పలేను. నా మనుమరాలికి మాత్రం వేయించాను. గర్భిణిగా ఉన్నప్పుడు ఆ టీకా వేయరు, మొదలుపెట్టి ఉంటే మిగిలిన మోతాదులు కానుపు తరువాత వేస్తారు.

నాకు ప్రశ్న వేసిన పాఠకురాలికి ఇంత కథ రాయలేదు. స్కానింగులో మాయ పైన ఉన్నదని తేలింది కాబట్టి నిస్సంకోచంగా స్పెక్యులం పరీక్ష చేయించుకోమని, పాప్ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే అదీ అప్పుడే చేయమని అడగమని, తరువాత ఒకటి రెండు రోజులు చిన్న మరక కనిపిస్తే భయపడవద్దని చెప్పాను. చివరకు అత్తగారే వెంట వెళ్లారట. ముఖద్వారం దగ్గర చిటికెన వేలి కొసంత పాలిప్ కనిపించింది. ముక్క తీసి పంపారు. కాగితం మీద "గర్భిణి, 21 వారాలు" అని రాయించారు. డెసిడ్యువా మార్పులే, ఇతర దోషం లేదని నివేదిక వచ్చింది. కానుపయ్యాక ఆరు వారాలకు మళ్లీ చూపించుకోమన్నారు. పురిటి హడావిడిలో మరచిపోకుండా ఆ తేదీని ఇప్పుడే క్యాలెండరులో రాసి పెట్టుకోమన్నాను.